జెర్రీ జోన్స్ గారికి బహిరంగ లేఖ: ఇంకో స్టార్ రిసీవర్ వద్దు, ముందు లైన్ సంగతి చూడండి

అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ డాలస్ కౌబాయ్స్ ఓనరు, జనరల్ మేనేజరు జెర్రీ జోన్స్ గారికి, ఆయన అబ్బాయి స్టీఫెన్ జోన్స్ గారికి, మీతో కూర్చుని ఆటగాళ్ళని ఎంచే స్కౌటింగ్ వాళ్ళందరికీ,

నమస్కారం అండీ. 1989లో ఈ టీమ్ కొన్నారు, 1992, 93, 95 సీజన్లలో మూడు సూపర్ బౌల్‌లు, అంటే లీగ్ ఫైనల్స్, గెలిపించి తెచ్చారు, ఆ గౌరవం మాకు ఎప్పటికీ ఉంటుంది. కానీ చివరిది గెలిచింది 1996 జనవరి 28న. అప్పట్నుంచి ఒక్కసారి కూడా మనం సూపర్ బౌల్‌కి ముందుండే ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్ దాకా వెళ్ళలేదు, సీజన్ అయ్యాక జరిగే నాకౌట్ మ్యాచ్‌లు, అదే ప్లేఆఫ్స్‌లో గెలిచినవి మొత్తం కలిపి ఐదు. అందుకే పొగడ్తలు ఇక్కడితో ఆపి అసలు విషయానికి వస్తా.

ముందు లైన్ కట్టండి అన్న ఈ మాట ఇంగ్లీషులో డాలస్ రేడియోల్లో, పేపర్లలో ఏళ్ళ తరబడి చెప్తూనే ఉన్నారు, మీరు విన్నట్టు మాకు ఎక్కడా కనపడలేదు. నేను తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో ఎటు చూసినా మావాళ్ళే, వచ్చిన కొత్తలో ఇదేం ఆటరా బాబూ రెండు నిమిషాలకోసారి ఆగిపోద్ది అనుకున్నవాళ్ళే ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం ఫంక్షన్ పెట్టాలంటే ముందు మీ షెడ్యూల్ చూసుకుంటున్నారు. వాళ్ళు కూడా చదవాలి, చదివి వాళ్ళ వాళ్ళ మాటల్లో మీకు రాయాలి.

నేను చెప్పేది ఒక్కటే. అఫెన్స్‌కి, అంటే బాల్ మన దగ్గరున్నప్పుడు ఆడేవాళ్ళకి, స్టార్ వైడ్ రిసీవర్ చివర్లో కావాల్సినవాడు, మొదట్లో కాదు. బాల్ విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడే ఐదుగురు గట్టిగా ఉండాలి, పరిగెత్తే దారి దొరకాలి, అవతలివాళ్ళని ఆపే డిఫెన్స్ ఉండాలి, ఇవన్నీ ఉన్నాక స్టార్ రిసీవర్ ఉంటే టీమ్ ఎక్కడికో వెళ్తుంది. ఇవి లేకుండా వాడొక్కడినే తెస్తే వాడి లెక్కలు పెరుగుతాయి, టీమ్ మాత్రం ప్లేఆఫ్స్ జరిగే జనవరిలో ఇంట్లో కూర్చుంటుంది.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అఫెన్స్‌లో 11 మంది. అందులో ఐదుగురు లైన్‌మెన్, 300 పౌండ్లు దాటిన మనుషులు, మామూలుగా బాల్ వాళ్ళ చేతికి రాదు, క్వార్టర్‌బ్యాక్ మీదకి ఎవరూ రాకుండా అడ్డుపడటమే వాళ్ళ పని. వైడ్ రిసీవర్ అంటే అంచున నిలబడి, పరిగెత్తి, దూరం నుంచి విసిరిన బాల్ పట్టుకునేవాడు. టీవీలో కనిపించేది వాడే, పిల్లలు కొనుక్కునే జెర్సీ వాడిదే. కానీ వాడు పాతిక యార్డులు పరిగెత్తి తిరిగి చూసేలోపు క్వార్టర్‌బ్యాక్ కిందపడి ఉంటే వాడెంత గొప్పవాడైనా ఏం చెయ్యగలడు చెప్పండి. యార్డులు అంటే ఆటగాడు బాల్‌ని ముందుకి తెచ్చిన దూరం, టచ్‌డౌన్ అంటే బాల్‌ని ఆఖరి గీత దాటించడం. డ్రాఫ్ట్ అంటే ఏటా కాలేజీ ఆటగాళ్ళని టీమ్‌లు రౌండ్లవారీగా ఎంచుకోవడం, ఒక్కో వంతు ఒక పిక్, మొదటి రౌండ్ పిక్ అన్నిటికంటే విలువైనది, ఆ పిక్‌లు వేరే టీమ్‌కి ఇచ్చి ఆటగాడిని తెచ్చుకోవచ్చు కూడా.

ఇంక నా కళ్ళముందు జరిగింది చెప్తా. 2024 జనవరి 14, ఆదివారం, ఆ రోజు భోగి. బయట గడ్డకట్టే చలి. మా చిన్నదానికి భోగిపళ్ళు పోస్తున్నాం, ఐదింటికి రమ్మని అందరినీ పిలిచాం, గ్రీన్ బే ప్యాకర్స్‌తో మ్యాచ్ మూడున్నరకి మొదలు. హాల్లో పీట మీద పట్టు పరికిణీలో చిన్నది, పక్కన పళ్ళెంలో రేగిపళ్ళు, చెరుకు ముక్కలు, బంతిపూల రెక్కలు, క్వార్టర్ నాణేలు, ఎదురుగా గోడకి సౌండ్ తీసేసిన టీవీ. మా పెద్దోడు మన స్టార్ రిసీవర్ లాంబ్ వేసుకునే 88 నంబరు జెర్సీలో నేల మీద కూర్చున్నాడు. జనం వచ్చి చెప్పులు విప్పేసరికి స్కోరు 27-0. మనది సున్నా. ముత్తైదువలు పాప తల చుట్టూ దిష్టి తిప్పి పళ్ళు పోస్తుంటే వెనక మగాళ్ళందరూ మాటల్లేకుండా నిలబడిపోయారు, మావాడు మాత్రం "నాన్నా, లాంబ్‌కి బాల్ వెయ్యట్లేదేంటి" అని అడుగుతూనే ఉన్నాడు. ఆ రాత్రి పడుకునేదాకా అదే అడిగాడు. ఆ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబే ఈ లేఖ.

1. ఆ వారాంతం ఒక్కటి చూసినా చాలు.

2023 సీజన్‌లో లీగ్ మొత్తం మీద ఎక్కువ యార్డులు సంపాదించిన రిసీవర్ మయామీ డాల్ఫిన్స్ ఆటగాడు టైరీక్ హిల్, 1,799. రెండోవాడు మన సీడీ లాంబ్, 1,749, క్యాచ్‌లు 135, ఆ లెక్కలో అందరికంటే పైన. ఈ ఇద్దరూ ఒకే వారాంతంలో ఇంటికెళ్ళిపోయారు. శనివారం కాన్సాస్ సిటీలో, ఫారెన్‌హీట్‌లో మైనస్ 4 డిగ్రీల చలిలో చీఫ్స్ మయామీని 26-7తో ఓడించారు, ఒక్క 53 యార్డుల టచ్‌డౌన్ తప్పిస్తే హిల్‌ని కదలనివ్వలేదు. ఆదివారం మనల్ని ప్యాకర్స్ 48-32తో మన స్టేడియంలోనే ఓడించారు, అంతకుముందు అక్కడ వరసగా 16 మ్యాచ్‌లు గెలిచి ఉన్నాం మనం.

గెలిచిన రెండు టీమ్‌లలో ఆ సీజన్ 1,000 యార్డులు దాటినవాడు ఒక్కడూ లేడు. చీఫ్స్‌లో ఎక్కువ ట్రావిస్ కెల్సీవి, 984, ఆయన టైట్ ఎండ్, వైడ్ రిసీవర్ కూడా కాదు. ప్యాకర్స్‌లో ఎక్కువ జేడెన్ రీడ్ అనే కొత్త కుర్రాడివి, 793. ఆ రోజు మనమీద 151 యార్డులు కొట్టింది నాలుగో రౌండ్‌లో వచ్చిన రోమియో డూబ్స్, మూడు టచ్‌డౌన్లు పరిగెత్తింది ఆరన్ జోన్స్. లాంబ్‌కి కూడా ఆ రోజు 110 యార్డులు వచ్చాయండి. ఎప్పుడొచ్చాయి అన్నదే బాధ, చాలావరకు మ్యాచ్ చేజారిపోయాక వచ్చాయి.

ఆ ప్యాకర్స్ 2002లో జావన్ వాకర్‌ని తీసుకున్నాక 2025లో మాథ్యూ గోల్డెన్ దాకా మొదటి రౌండ్‌లో ఒక్క రిసీవర్‌ని కూడా తీసుకోలేదు. 23 ఏళ్ళు. వాళ్ళకి మంచి రిసీవర్లు లేరా అంటే బోలెడుమంది ఉన్నారు, రెండో రౌండ్, నాలుగో రౌండ్‌లో వెతికి పట్టుకున్నారు, వాళ్ళకి నేర్పించారు.

2. మీరు వేరే టీమ్‌ల దగ్గర కొన్న రిసీవర్ల కథ మాకంటే మీకే బాగా తెలుసు, అయినా వరసగా రాస్తున్నా ఎందుకంటే వరసగా చూస్తేనే కడుపు మండుతుంది.

2000లో సియాటిల్‌కి రెండు మొదటి రౌండ్ పిక్‌లు ఇచ్చి జోయీ గాలవేని తెచ్చారు. మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోయింది, సీజన్ అంతా లేడు. మనమిచ్చిన పిక్‌తో సియాటిల్ వాళ్ళు షాన్ అలెగ్జాండర్‌ని తీసుకున్నారు, అతను 2005లో లీగ్ ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు అయ్యాడు. మనం మాత్రం 2000, 2001, 2002 మూడేళ్ళూ 5-11, అంటే 5 గెలుపులు, 11 ఓటములు.

2006లో టెరెల్ ఓవెన్స్. మూడేళ్ళలో 38 టచ్‌డౌన్లు పట్టాడు, ఎవరూ తక్కువ చెయ్యలేరు. 2007లో 13-3 చేసి సొంతగడ్డ మీద జెయింట్స్ చేతిలో 21-17తో ఓడాం. ఆ మూడేళ్ళలో ప్లేఆఫ్ గెలుపు ఒక్కటీ లేదు.

2008 మధ్యలో, ఓవెన్స్ ఉండగానే, డెట్రాయిట్‌కి ఒకటో రౌండ్, మూడో రౌండ్, ఆరో రౌండ్ పిక్‌లు ఇచ్చి రాయ్ విలియమ్స్‌ని తెచ్చారు. ఆ సీజన్ చివరి మ్యాచ్ ఫిలడెల్ఫియాలో 44-6. తర్వాతేడు ఓవెన్స్‌ని పంపేశారు, రాయ్ విలియమ్స్‌కి దెబ్బ తగిలింది, గతిలేక మైల్స్ ఆస్టిన్‌ని దింపారు. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని కుర్రాడు అతను. కాన్సాస్ సిటీలో దిగిన మొదటిరోజే 250 యార్డులు, మన టీమ్ చరిత్రలోనే రికార్డు. ఆ సీజన్ 1,320 యార్డులు చేశాడు, మనం డివిజన్ గెలిచాం, 13 ఏళ్ళ తర్వాత ప్లేఆఫ్స్‌లో ఒక మ్యాచ్ కూడా గెలిచాం. అంతంత పిక్‌లు పోసి తెచ్చినవాడిని పైసా ఖర్చు లేకుండా వచ్చినవాడు దాటేశాడు. అది చూశాక కూడా పద్ధతి మారలేదు, నాకు ఇప్పటికీ అర్థంకానిది అదే.

2018లో అమారీ కూపర్‌కి మళ్ళీ మొదటి రౌండ్ పిక్. ఇది పనిచేసింది, నిజం చెప్పాలి, 3-4తో ఉన్న టీమ్ 10-6కి వచ్చి ప్లేఆఫ్స్‌లో సియాటిల్‌ని ఓడించింది. తర్వాత అయిదేళ్ళకి 100 మిలియన్ల కాంట్రాక్టు ఇచ్చారు, 2022 వచ్చేసరికి ఆ బరువు మొయ్యలేక అయిదో రౌండ్ పిక్ తీసుకుని క్లీవ్‌లాండ్‌కి పంపేశారు. కూపర్ లేని ఆ 2022లో మనం 12-5, ప్లేఆఫ్స్‌లో టాంపా మీద 31-14.

2024 నవంబరులో నాలుగో రౌండ్ పిక్ ఇచ్చి జొనాథన్ మింగో. ఆ సీజన్‌లో మనకి పట్టింది ఐదు క్యాచ్‌లు.

3. మరి మనం బాగా ఆడిన ఏళ్ళల్లో ఏముంది?

లైన్ ఉంది. 2014లో 12-4 చేసినప్పుడు డెజ్ బ్రయంట్ 16 టచ్‌డౌన్లు పట్టాడు, అవి అందరికీ గుర్తున్నాయి. కానీ ఆ డెజ్‌కి అంత ఖాళీ ఎలా దొరికింది? టైరన్ స్మిత్, ట్రావిస్ ఫ్రెడరిక్, జాక్ మార్టిన్, ముగ్గురూ మీరే మొదటి రౌండ్‌లో తీసుకున్న లైన్‌మెన్, వాళ్ళ వెనక డిమార్కో మర్రీ 1,845 యార్డులు పరిగెత్తాడు. పరుగు ఆపడానికి అవతలివాళ్ళు మనుషుల్ని ముందుకి తేవాల్సొచ్చింది, వెనక డెజ్‌కి ఒక్కడే కాపలా. తర్వాతేడు డెజ్‌కి 70 మిలియన్ల కాంట్రాక్టు ఇచ్చి మర్రీని ఫిలడెల్ఫియాకి వదిలేశారు. 4-12. క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమోకీ డెజ్‌కీ దెబ్బలు తగిలాయి, అదీ కారణమే, ఒప్పుకుంటా. కానీ ఒకళ్ళిద్దరు పడిపోతే మొత్తం కూలిపోయేలా టీమ్ కట్టుకోవడం మన చేతుల్లోనే ఉంది కదా.

2016 ఇంకా బాగా చెప్తుంది ఈ సంగతి. నాలుగో రౌండ్‌లో వచ్చిన కొత్త కుర్రాడు డాక్ ప్రెస్కాట్ క్వార్టర్‌బ్యాక్, 13-3. ఆ ఏడు మన టీమ్‌లో ఎక్కువ యార్డులు తెచ్చిన రిసీవర్ ఎవరు? కోల్ బీస్లీ, 833. డ్రాఫ్ట్‌లో పేరు కూడా పిలవని పొట్టివాడు. ఎజీకియల్ ఎలియట్ 1,631 యార్డులు ఆ లైన్ వెనకే పరిగెత్తాడు.

తొంభైల టీమ్ కూడా అంతే. మైఖేల్ ఇర్విన్ గొప్పవాడే, కానీ ఇర్విన్ ఒక్కడితో మూడు సూపర్ బౌల్‌లు రాలేదు. బాల్‌తో పరిగెత్తే ఎమిట్ స్మిత్, అతని ముందు లైన్‌లో నేట్ న్యూటన్, ఎరిక్ విలియమ్స్, మార్క్ టుయినే, చివరి సూపర్ బౌల్ నాటికి లారీ ఆలెన్ కూడా. మన చివరి సూపర్ బౌల్‌లో ఎంవీపీ లారీ బ్రౌన్, రెండు బాల్స్ లాక్కున్న డిఫెన్స్ ఆటగాడు.

4. చీఫ్స్ ఏం చేశారో చూడండి.

2022 మార్చిలో టైరీక్ హిల్‌ని మయామీకి ఇచ్చి ఐదు పిక్‌లు తీసుకున్నారు. అందరూ పిచ్చిపని అన్నారు, నేనూ అన్నా. హిల్ మయామీలో వరసగా రెండేళ్ళు 119 క్యాచ్‌లు, 1,700 పైన యార్డులు చేశాడు. ఆ రెండేళ్ళూ సూపర్ బౌల్ గెలిచింది చీఫ్స్. మయామీకి ఆ రెండేళ్ళలో ప్లేఆఫ్ గెలుపు ఒక్కటీ రాలేదు.

ఇందులో ఒక చిన్న ముక్క నాకు మర్చిపోబుద్ధి కాదు. హిల్‌ని ఇచ్చి తెచ్చుకున్న పిక్‌ల్లో రెండు వాడి, డ్రాఫ్ట్ వరసలో ముందుకి జరిగి ట్రెంట్ మెక్‌డఫీ అనే డిఫెన్స్ కుర్రాడిని తీసుకున్నారు. 2023 నవంబరులో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఈ రెండు టీమ్‌లూ ఆడాయి. హిల్ బాల్ పట్టుకున్నాడు, మెక్‌డఫీ మీదపడి ఆ బాల్ ఊడగొట్టాడు, చీఫ్స్ వాళ్ళు అందుకుని చేతులు మార్చి టచ్‌డౌన్ దాకా తీసుకెళ్ళిపోయారు. స్కోరు 21-14, అంటే ఆ ఒక్క ఆటే తేడా. అమ్మేసిన స్టార్‌తో వచ్చిన పిక్కే ఆ స్టార్ చేతిలో బాల్ లాక్కుంది.

చీఫ్స్‌కి నొప్పి లేదని కాదు. 2023లో వాళ్ళ రిసీవర్లు బాల్స్ జారవిడిచి మ్యాచ్‌లు పోగొట్టారు. డెట్రాయిట్‌తో మొదటి మ్యాచ్ అలాగే 21-20తో పోయింది. ప్యాట్రిక్ మహోమ్స్ లాంటి క్వార్టర్‌బ్యాక్ అందరికీ ఉండడు, అదీ నిజం. కానీ ఆ మహోమ్స్‌కి కూడా 2025 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో ఏమైంది? ముందున్న లైన్ నిలబడలేదు, ఫిలడెల్ఫియా ఈగిల్స్ ఆరుసార్లు పడేశారు, 40-22.

5. అవతలి వాదన కూడా చెప్పాలి, లేకపోతే ఇది న్యాయమైన లేఖ కాదు.

టెనెసీ టైటన్స్ 2022లో ఏజే బ్రౌన్‌ని ఈగిల్స్‌కి ఇచ్చేశారు. ఆ ఏడు టైటన్స్ 7-10, డిసెంబరులో అదే బ్రౌన్ వాళ్ళమీద రెండు టచ్‌డౌన్లు కొట్టాక జనరల్ మేనేజర్ ఉద్యోగం పోయింది. కూపర్ కప్ 2021లో 1,947 యార్డులు చేసి ర్యామ్స్‌కి సూపర్ బౌల్ తెచ్చి ఎంవీపీ కూడా అయ్యాడు. స్టార్ రిసీవర్ ఉంటే అవతలివాళ్ళు వాడిమీదకి ఇద్దరిని పంపిస్తారు, మిగతావాళ్ళకి దారి దొరుకుతుంది, ఇదంతా నిజమే.

అయితే కప్ మూడో రౌండ్‌లో వచ్చినవాడు, వాళ్ళే పెంచుకున్నారు. ఈగిల్స్ బ్రౌన్‌ని తెచ్చేనాటికే వాళ్ళ లైన్ లీగ్‌లో ముందు వరసలో ఉంది, 2024లో సేక్వాన్ బార్క్లీ ఆ లైన్ వెనక 2,005 యార్డులు పరిగెత్తాడు, సూపర్ బౌల్‌లో బ్రౌన్‌కి వచ్చింది 43 యార్డులే అయినా 40 పాయింట్లు వచ్చాయి. ఇంకోపక్క సిన్సినాటి చూడండి, 2024లో జమార్ చేస్ 127 క్యాచ్‌లు, 1,708 యార్డులు, 17 టచ్‌డౌన్లు, మూడింట్లోనూ లీగ్‌లో మొదటివాడు, టీమ్ 9-8, ప్లేఆఫ్స్‌కే రాలేదు. డెట్రాయిట్‌లో కాల్విన్ జాన్సన్ 2012లో 1,964 యార్డులు, ఇప్పటికీ అదే రికార్డు, ఆ ఏడు టీమ్ 4-12. తొమ్మిదేళ్ళు ఆడి ఒక్క ప్లేఆఫ్ గెలుపు చూడకుండా రిటైరైపోయాడు ఆయన, పాపం అనిపిస్తుంది.

6. ఇప్పుడు మన పరిస్థితి.

లాంబ్‌ని 2020లో 17వ పిక్‌తో తీసుకున్నారు, అది మీరు చేసిన మంచి పనుల్లో ఒకటి. 2024 ఆగస్టులో నాలుగేళ్ళకి 136 మిలియన్లు, సగటున ఏడాదికి 34. రెండు వారాల తర్వాత డాక్‌కి సగటున 60. ఆ ఏడు టీమ్ మొత్తం జీతాల హద్దు 255.4 మిలియన్లు. ఏ ఏడాది లెక్కలో ఎంత చూపిస్తారన్నది వేరే సంగతి, కానీ బాల్ విసిరేవాడికీ పట్టేవాడికీ కలిపి 94 అయితే మిగతా 50 మందికి మిగిలేదెంత? అదే ఏడాది మార్చిలో టైరన్ స్మిత్ వెళ్ళిపోయాడు, లైన్ మధ్యలో ఆడే సెంటర్ టైలర్ బియాడాష్ వెళ్ళిపోయాడు, బాల్‌తో పరిగెత్తే టోనీ పొలార్డ్ వెళ్ళిపోయాడు. సీజన్ 7-10.

2025లో మొదటి రౌండ్‌లో లైన్‌లో ఆడే గార్డ్ టైలర్ బుకర్‌ని తీసుకున్నారు, నేను ఇంట్లో చప్పట్లు కొట్టా, మనస్ఫూర్తిగా. తర్వాత మే నెలలో మూడో రౌండ్ పిక్ ఇచ్చి జార్జ్ పికెన్స్, సరే అది కూడా మంచి బేరమే, 1,400 యార్డులు దాటించాడు, లాంబ్ కూడా 1,000 దాటాడు. కానీ ఆగస్టు 28న మన డిఫెన్స్ స్టార్ మైకా పార్సన్స్‌ని ప్యాకర్స్‌కి ఇచ్చేశారు. కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిపోయినట్టు అయింది. సరిగ్గా నెలకి అదే ప్యాకర్స్ మన స్టేడియానికి వచ్చారు, లాంబ్ చీలమండ దెబ్బతో ఆడలేదు, అయినా మనం 40 పాయింట్లు కొట్టాం. వాళ్ళూ 40 కొట్టారు. టై. 40 కొట్టి కూడా గెలవలేని టీమ్‌కి కావాల్సింది ఇంకో రిసీవరా? సీజన్ చివరికి 7-9-1, లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ పాయింట్లు ఇచ్చుకున్న డిఫెన్స్ మనది.

7. దీనివల్ల మామూలు జనానికి ఏమవుతుంది అంటారా?

ఆర్లింగ్టన్ ఊరివాళ్ళు 2004లో ఓటేసి మీ స్టేడియానికి 325 మిలియన్ల దాకా ఇవ్వడానికి ఒప్పుకున్నారు. అది అమ్మకపు పన్నులో డాలరుకి అర సెంటు చొప్పున, హోటల్ గది మీద, అద్దె కారు మీద పన్నుగా వచ్చిన డబ్బు. అక్కడ కిరాణా షాపు నడుపుకునే గుజరాతీ ఆయనా కట్టాడు, మ్యాచ్ ఎప్పుడూ చూడని ముసలావిడా కట్టింది. ఒక కుటుంబం నలుగురు మ్యాచ్‌కి వెళ్ళాలంటే టికెట్లు, పార్కింగ్, పిల్లలకి తిండి కలిపి మాలో చాలామందికి ఒక నెల కారు వాయిదా కంటే ఎక్కువ. అంత పెట్టి వచ్చేవాళ్ళు గెలుపు గ్యారంటీ అడగట్లేదు, టీమ్‌ని సరిగ్గా కట్టారన్న నమ్మకం అడుగుతున్నారు.

ఇంకోటి, నాకు అన్నిటికంటే బాధైనది. మావాడు మా ఏరియాలో ఒక పిల్లల ఫ్లాగ్ ఫుట్‌బాల్ టీమ్‌లో ఆడాడు, మీదపడి పడెయ్యకుండా నడుముకున్న జెండా లాగి ఆపుతూ ఐదుగురు ఐదుగురు ఆడేది. ఆ టీమ్‌లో ఒక పిల్లాడు బాగా వేగం, మంచి పిల్లాడే, వాడి తప్పేం లేదు. ప్రతి ఆటా వాడికే. మావాడు సీజన్ మొత్తం కాళ్ళమధ్యనుంచి బాల్ వెనక్కి ఇచ్చే పని చేశాడు. ఫ్లాగ్‌లో ఆ సెంటర్ కూడా పరిగెత్తి బాల్ పట్టొచ్చు, రూల్ ఒప్పుకుంటుంది, అయినా ఒక్కసారి కూడా వాడివైపు విసరలేదు. మూడో మ్యాచ్‌కల్లా అవతలి టీమ్‌లు ఆ వేగం పిల్లాడి మీద ఇద్దర్ని పెట్టారు, మావాళ్ళకి ఇంకేం చెయ్యాలో తెలీలేదు, అన్నీ ఓడిపోయారు. నేను కోచ్‌తో మాట్లాడా, నిర్వాహకులకి రెండుసార్లు రాశా, జవాబు లేదు. ఒకరోజు ఆ కోచ్ నాతో అన్న మాట ఏంటంటే, పెద్ద టీమ్‌లు కూడా స్టార్ చుట్టూనే ఆడతాయి కదా అని. చివరి మ్యాచ్ నుంచి వస్తూ కారులో మావాడు "నేను బాల్ ఇవ్వడానికే కదా నాన్నా, నాకు పట్టుకోవడం రాదు" అన్నాడు. తొమ్మిదేళ్ళ పిల్లాడు. మీరు ఆదివారం చేసేది చూసి శనివారం పార్కుల్లో అదే చేస్తున్నారండి. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడిస్తున్నారు, మా పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఇప్పుడిప్పుడే ఇటు వస్తున్నారు. వాళ్ళు మొదట నేర్చుకునేది ఇదా?

అందుకని మేం అడిగేవి ఇవి.

1. వేరే టీమ్ రిసీవర్ కోసం మొదటి రౌండ్ పిక్ ఇవ్వడం ఆపండి. గాలవే, రాయ్ విలియమ్స్, కూపర్, ఈ ముగ్గురికే నాలుగు పోయాయి. రిసీవర్ కావాలంటే డ్రాఫ్ట్‌లో రెండో రౌండ్, మూడో రౌండ్‌లో తీసుకుని నేర్పించండి.

2. టాప్ రేటు కాంట్రాక్టు ఒక సమయంలో ఒక్క రిసీవర్‌కే ఉండాలి. రెండోది ఇవ్వాల్సొస్తే ముందు లైన్‌లో ఐదుగురూ, డిఫెన్స్‌లో ముందు నలుగురూ కుదిరారో లేదో చూసుకుని అప్పుడు సంతకం పెట్టండి.

3. కాంట్రాక్టులు చివరి నిమిషం దాకా లాగొద్దు. లాంబ్‌ది ఆగస్టు 26న అయింది, డాక్‌ది 2024 మొదటి మ్యాచ్ రోజే అయింది, పార్సన్స్‌ది అసలు అవ్వనే లేదు. వసంతంలోనే తేల్చేస్తే మిగిలిన డబ్బుతో లైన్‌మెన్‌ని కొనుక్కునే టైమ్ ఉంటుంది, ఆగస్టుకి మంచివాళ్ళెవరూ మిగలరు.

4. సీజన్ అయ్యాక ఏడాదికోసారి అభిమానులతో కూర్చుని లెక్క చెప్పండి. ఏ స్థానం మీద ఎంత పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నది మీ నోటితోనే చెప్పండి, టీవీ ఇంటర్వ్యూల్లో కాదు, ప్రశ్నలు అడిగే జనం ముందు. అడిగే ప్రశ్నలు మేం రాసుకునే వస్తాం.

5. ఫ్రిస్కోలో టీమ్ హెడ్‌క్వార్టర్స్ ది స్టార్ పెట్టారు, అక్కడి ఫోర్డ్ సెంటర్‌లో ఫ్రిస్కో స్కూళ్ళ పిల్లలు మ్యాచ్‌లు ఆడుతున్నారు, అది మంచి పని. అక్కడే చుట్టుపక్కల పార్కుల్లో పిల్లలకి కోచింగ్ ఇచ్చే తల్లిదండ్రుల కోసం ఏడాదికో రెండు రోజులు పెట్టండి. సెంటర్‌గా ఆడే పిల్లాడు ఎలా రూట్ పరిగెత్తాలి, బాల్ రానప్పుడు మిగతావాళ్ళు ఏం చెయ్యాలి, ప్రతి పిల్లాడికీ బాల్ వెళ్ళేలా ఆట ఎలా వెయ్యాలి అన్నది మీ లైన్‌మెన్‌తో చెప్పించండి. రిటైరైన జాక్ మార్టిన్ లాంటివాళ్ళు వచ్చి అరగంట మాట్లాడితే ఆ కోచ్‌లు వింటారు, నాలాంటోళ్ళు చెప్తే వినట్లేదు. అది పెడితే మొదటి వరసలో మావాడితో కలిసి నేనుంటా, కుర్చీలు వెయ్యడానికి మనుషులు కావాలన్నా మా వీధి తెలుగువాళ్ళం పదిమందిమి వస్తాం.

ఇట్లు,
2011 నుంచి ప్రతి ఆదివారం మీ ఆట చూస్తున్న
ఒక ఫ్రిస్కో తెలుగు తండ్రి